ఒకే కంచంలో పోషణ, విషం

1974 అక్టోబరులో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో కోతకొచ్చిన మొక్కజొన్న మీద అకాల వర్షం కురిసింది. తడిసిన కంకుల్ని ఆరబెట్టుకునే వీలూ, దాచుకునే చోటూ లేని భిల్లు కుటుంబాలు వాటినే ఇళ్లలో పోసుకుని రొట్టెలు చేసుకు తిన్నాయి. కొన్ని వారాలకే కామెర్లు మొదలయ్యాయి. పొట్టలో నీరు చేరింది, కాళ్లు వాచాయి. దాదాపు 400 మంది జబ్బుపడగా 106 మంది చనిపోయారు. మామూలు కామెర్లు కావని చెప్పే ఆనవాలు ఆ ఇళ్ల వాకిళ్లలోనే దొరికింది. అదే రొట్టెలు తిన్న కుక్కలకూ పొట్టలు ఉబ్బాయి, అవీ చచ్చిపోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గింజలు తెచ్చి పరీక్షిస్తే కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లటాక్సిన్ బయటపడింది. బూజు పుట్టించే ఈ విషం తిండిగింజల్లో కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదని ఇవాళ్టి మన నిబంధన. అంటే ఆ గిరిజనులు తిన్నది పరిమితికి 400 నుంచి 1000 రెట్లు.

దీన్ని బూజు పట్టిన గింజల కథగా చెప్పి ఊరుకోవడం అలవాటు. బూజు వాళ్లకు కనిపించలేదా? కనిపించింది. పారేస్తే తినడానికి ఇంట్లో ఇంకో గింజ లేదు. పూటపూటకూ అదే మొక్కజొన్న, నెల రోజుల పాటు అదే. పప్పూ కూరా పాలూ నాలుగు రకాలుగా తినే ఇంట్లో ఒక సరుకు చెడినా విషం పలచబడుతుంది. కంచంలో ఒకే పదార్థం ఉన్నవాడికి అది చెడిందంటే తిండి మొత్తం చెడినట్టే. పోషకాలు తక్కువగా అందే మనిషికే విషం ఎక్కువగా అందడం యాదృచ్ఛికం కాదు. పోషకాహార శాస్త్రాన్నీ విషశాస్త్రాన్నీ విడివిడిగా చదివితే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపి చదివిన చరిత్ర మన హైదరాబాద్‌కే ఉంది. మన పాలనకు మాత్రం ఆ అలవాటు ఇంకా రాలేదు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి మీద విచారణగా రాబర్ట్ మెకారిసన్ చేతుల్లో మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. దానికి అఫ్లటాక్సిన్‌తో పరిచయం 1974 కంటే ముందే ఉంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుసెనగ పిండి అని తేలింది. ఆ వార్త ఇక్కడ కలవరం పుట్టించింది. ఎందుకంటే అప్పట్లో మన దేశంలో బక్కచిక్కిన పిల్లలకు ప్రొటీన్ అందించడానికి ఎంచుకున్న చవకైన సరుకు వేరుసెనగ పిండే. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ తయారుచేసిన బహుళార్థ ఆహారంలో మూడొంతులు అదే. ఏ పిండితో పిల్లల్ని బతికించాలనుకున్నారో ఆ పిండిలోనే కాలేయాన్ని కాల్చే విషం ఉండవచ్చని తెలిశాక ఏం చేయాలి? పిండి మానేస్తే ఆకలికి పోతారు, పెడితే విషం. ఐక్యరాజ్యసమితి ప్రొటీన్ సలహా బృందం 1966లో కిలోకు 30 మైక్రోగ్రాముల పరిమితి దగ్గర రాజీపడింది. పోషకాహార లోపం వల్ల పోయే ప్రాణాలను ఒక పక్క, విషం వల్ల పోయే ప్రాణాలను ఇంకో పక్క లెక్కవేసి తేల్చిన అంకె అది.

అప్పుడే హైదరాబాద్‌లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు మాధవన్, గోపాలన్ ఎలుకల మీద చేసిన రెండు ప్రయోగాలు వైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పదగ్గవి. 1965 నాటి మొదటి ప్రయోగంలో ప్రొటీన్ తక్కువ పెట్టిన పిల్ల ఎలుకల కాలేయం అఫ్లటాక్సిన్‌కు త్వరగా, తీవ్రంగా దెబ్బతింది. ప్రొటీన్ సరిపడా తిన్నవి తట్టుకున్నాయి. ఇక్కడిదాకా మనం ఊహించగలిగిందే. 1968లో వెలువడిన రెండో ప్రయోగం ఫలితం తలకిందులుగా వచ్చింది. ఎక్కువకాలం కొద్దికొద్దిగా విషం ఇస్తూ పోతే 20 శాతం ప్రొటీన్ తిన్న ఎలుకల కాలేయాల్లో క్యాన్సర్ కనిపించింది. 5 శాతం తిన్నవాటిలో కనిపించలేదు. అఫ్లటాక్సిన్ తనంతట తాను జన్యుపదార్థానికి అంటుకోలేదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని మార్చి పదును పెట్టాలి. ప్రొటీన్ తగ్గితే ఆ ఎంజైములూ తగ్గుతాయి. అదే తిండి ఒక మోతాదు దగ్గర కవచంగా, ఇంకో మోతాదు దగ్గర విషానికి చేయూతగా పనిచేసింది.

అమెరికన్ శాస్త్రవేత్త కాలిన్ క్యాంప్‌బెల్ ఈ రెండో ఫలితం చదివే తన పరిశోధన దారి మార్చుకున్నాడు. 2005లో ఆయన రాసిన ‘ది చైనా స్టడీ’ లక్షల మందిని మాంసం, పాలు మానేయమంది. మన యూట్యూబ్ వైద్యుల దాకా ఆ మాట పాకింది. ఆ పుస్తకం చదివి పాలూ గుడ్డూ మానేసేవారు అదే హైదరాబాద్ ప్రయోగశాల 1965లో చెప్పిన మొదటి సగాన్ని కూడా చదవడం మంచిది. రక్తహీనతతో, తక్కువ బరువుతో పుట్టే పిల్లలున్న దేశానికి ఆ మొదటి సగమే ఎక్కువ అవసరం.

ఎలుకల సంగతి అలా ఉంచి నల్లగొండకు వద్దాం. తెలుగు నేల మీద తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో మొదట రాసింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము బిగిసిపోయిన రైతుల్ని చూసి. నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం 1973లో. అదే సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రూపాన్ని వర్ణించారు. మోకాళ్లు రెండూ ఒకదానికొకటి రాసుకుంటూ, పాదాలు ఎడంగా పడుతూ నడిచే యువకులు. ఎక్స్‌రేలో వాళ్ల ఎముకలు గట్టిపడి లేవు, గుల్లబారి ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎముకను బండబారుస్తుందని అప్పటిదాకా పుస్తకాలు చెప్పిన మాటకు ఇది ఎదురు.

నీళ్లు ఒకటే అయినా జబ్బు రెండు రకాలుగా ఎందుకొచ్చింది? జవాబు కంచంలో దొరికింది. కాల్షియం సరిపడా అందిన ఒంట్లో ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుని దాన్ని మొద్దుబారుస్తుంది. కాల్షియం అందని ఎదిగే వయసు ఒంట్లో ఎముక నిలబడలేక వంగిపోతుంది. ఆ పల్లెల్లో మూడుపూటలా జొన్న తప్ప పాలూ పప్పూ అంతంతమాత్రం. సంస్థ శాస్త్రవేత్తలు ఆ జొన్నను కూడా వదలకుండా పరీక్షించారు. అందులో మాలిబ్డినం ఎక్కువగా ఉంది. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోంచి రాగి బయటికి పోతుంది. రాగి లేకపోతే ఎముక లోపలి అల్లిక బలహీనపడుతుంది. నాగార్జునసాగర్ వచ్చాక ఊటనీరు పైకెక్కి నేల క్షారగుణం పెరిగిందనీ, దాంతో పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుందనీ వాళ్లు అనుమానించారు. నీళ్లిచ్చి కరువు తీర్చిన ఆనకట్టకూ ఓ కుర్రాడి వంకర కాలికీ మధ్య నేల, గింజ, ఎముకల మీదుగా ఒక దారి ఉండవచ్చని చెప్పిన పరిశోధన అది. బావి నీళ్ల సీసా ఒక్కటే పట్టుకుని ల్యాబుకు వెళ్లినవాడికి ఆ దారి కనిపించేది కాదు.

తర్వాతి సంగతులు తెలిసినవే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఆ ట్యాంకులు పల్లెల్లో ఎక్కువకాలం నడవలేదు. చివరికి కృష్ణా నీళ్లు మిషన్ భగీరథ గొట్టాల్లో రావడంతోనే మర్రిగూడ, మునుగోడు పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. నీళ్లు మార్చడం సరైన పరిష్కారం, అందులో రెండో మాట లేదు. అయితే ఎముకలో ఇప్పటికే చేరినదాని మాటేమిటి? ఇక్కడా తిండి వైపు చూసినవాళ్లున్నారు. అదే సంస్థలో అర్జున్ ఖండారే బృందం బడిపిల్లలకు రోజూ భోజనంలో 10 గ్రాముల చింతపండు కలిపి పెట్టి చూసింది. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన ఇళ్లలో రోజూ కాగే పులుసు గురించి ఇంత పనికొచ్చే సంగతి వైద్య పత్రికల్లోనే ఉండిపోవడం విచారకరం. ఫ్లోరైడ్ పల్లెల మధ్యాహ్న భోజనంలో పాలు, గుడ్డు, పులుసు ఏయే రోజుల్లో ఉండాలో నిర్ణయించేవారికి ఈ పరిశోధన చేరి ఉంటే బాగుండేది.

జొన్న గురించి ఇంకో మాట. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య జొన్న మీదే బతికే దక్కన్ పేదల్లో పెల్లగ్రా కనిపించడం గమనించి, జొన్నలో ల్యూసిన్ అనే ఆమినో ఆమ్లం ఎక్కువ కావడం వల్ల నియాసిన్ అనే విటమిన్ తయారీ దెబ్బతింటోందని ప్రతిపాదించారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతి చలించడం ఆ జబ్బు లక్షణాలు. ల్యూసిన్ సిద్ధాంతం మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. కాదనలేనిది ఏమిటంటే తిండిలో రకాలు పెరిగాక ఆ జబ్బు వెనక్కి తగ్గింది. జొన్నపిండి కొనుక్కునే నేటి నగరవాసికి పెల్లగ్రా భయం లేదు. రొట్టె పక్కన ఆయనకు పప్పు, కూర, పెరుగు ఉన్నాయి. చిరుధాన్యాల్ని సర్వరోగ నివారిణిగా అమ్ముతున్నవారూ, జొన్నను నిందించేవారూ ఇద్దరూ గింజనే చూస్తున్నారు, కంచాన్ని చూడటం లేదు. మధ్యప్రదేశ్‌లోని రీవాలో పాలేళ్లకు కూలి కింద కేసరి పప్పే కొలిచి ఇచ్చిన రోజుల్లో కాళ్లు పడిపోయింది ఆ పాలేళ్లకే. అదే పప్పు అప్పుడప్పుడూ తిన్న ఆసామికి ఏమీ కాలేదు.

ఇప్పుడు మన ముంగిట ఉన్నవాటి సంగతి. అనంతపురం వేరుసెనగ తీసుకోండి. గింజ ఊరే దశలో బెట్ట తగిలితే కాయ నేలలో ఉండగానే బూజు లోపలికి దూరుతుంది. కల్లంలో పైకి మంచిగా కనిపించే కాయల్ని మిఠాయికీ ఎగుమతికీ ఏరుకుంటారు. ముడుచుకుపోయినవి, పగిలినవి, రంగు మారినవి నూనె మిల్లుకు పోతాయి. శుద్ధి చేసిన నూనెలో అఫ్లటాక్సిన్ పోతుంది. గానుగ నూనెలో పోదు, గింజ మంచిదైతేనే ఆ నూనె మంచిది. వీధికొక గానుగ వెలుస్తున్న ఈ రోజుల్లో కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న గింజ ఎక్కడిది, ఎలా ఏరారు అన్నదే. మిగిలిన చెక్క గేదెల దాణాలోకి వెళ్తుంది. గేదె ఒంట్లో ఆ విషం రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు.

ఈ సమస్య ఎంత పెద్దదో ఒక లెక్క చెబుతుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించి 2019లో నివేదిక ఇచ్చింది. యూరియా, డిటర్జెంట్ లాంటివి కలిపి ప్రాణహాని కలిగించే కల్తీ జరిగినవి 12. అఫ్లటాక్సిన్ పరిమితి దాటినవి 368. మన టీవీ చర్చలూ, దాడులూ, కేసులూ మొత్తం ఆ 12 చుట్టూ తిరుగుతాయి. ఆ 368 వెనక దొంగ ఎవరూ లేడు. బెట్టకు ఎండిన పైరు, తడి ఆరని గోదాము, పరీక్ష చేయని దాణా ఉన్నాయి. పాలు పోసేవాడిని పట్టుకుంటే తేలే వ్యవహారం కాదిది. దాణా తనిఖీ పశుసంవర్ధక శాఖ పని, పాల తనిఖీ ఆహార భద్రతా విభాగం పని, ఆ పాలు తాగే పిల్లల తూకం అంగన్‌వాడీ పని. మూడు రిజిస్టర్లూ ఒక బల్ల మీదికి ఎప్పుడూ రావు.

సీసం విషయంలో ఈ విడివిడి లెక్కల నష్టం మరీ ఎక్కువ. పసుపుకు మెరుపు రావడానికి రుద్దే లెడ్ క్రోమేట్, పాత రంగులు, బ్యాటరీలు కరిగించే వీధులు... సీసం వచ్చే దారులు అనేకం. పిల్లవాడి ఒంట్లోకి అది ఎంత చేరుతుందనేది మాత్రం ఆ ఒంట్లోని ఇనుము మీద కూడా ఆధారపడి ఉంటుంది. పేగులో ఇనుమును మోసుకెళ్లే ప్రొటీనే సీసాన్నీ మోస్తుంది. ఇనుము కరువైతే శరీరం ఆ మోత ప్రొటీన్‌ను పెంచుకుంటుంది, ఇనుముతో పాటు సీసానికీ తలుపులు బార్లా తెరుచుకుంటాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. అంటే మన పిల్లల్లో చాలామంది సీసాన్ని ఎక్కువగా పీల్చుకునే స్థితిలో ఉండవచ్చు. ఇనుము మాత్రలు పంచే కార్యక్రమానికి సీసం పరీక్షతో సంబంధం లేదు. సీసం గురించి మాట్లాడే పర్యావరణ అధికారికి పిల్లల హిమోగ్లోబిన్‌తో పనిలేదు.

ఇనుముకూ ఇంకో ముఖం ఉంది. రేషన్ బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము కలుపుతూ వచ్చారు. ఎక్కువమందికి మేలు చేయవచ్చు. తలసీమియాతో తరచూ రక్తం ఎక్కించుకునేవారి ఒంట్లో మాత్రం ఇనుము పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవారికి హెచ్చరిక ముద్రించాలని 2018 నిబంధనల్లో పెట్టారు. తర్వాత నిపుణుల సమీక్షలో హానికి ఆధారాలు లేవని కేంద్రం తేల్చింది. నిపుణుల మాట సరైనదే కావచ్చు. పాడేరు, ఆదిలాబాద్ కొండల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు తిన్నది ఆ బియ్యమే కాబట్టి, వాళ్ల ఒంట్లో ఇనుము నిల్వలు ఎలా ఉన్నాయో అక్కడే ఏటా చూసి చెబితే ఎవరికీ అనుమానం మిగలదు.

రేషన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. తినగలిగే బియ్యం ఇవ్వడం మంచి నిర్ణయం. అయినా కంచం నిండా ఉన్నది మళ్లీ బియ్యమే. కందిపప్పు, నూనె, గుడ్డు ఆ సంచిలో చేరితే పోషణ పెరగడమే కాదు, ఏ ఒక్క సరుకులోని విషమైనా మనిషికి చేరే మోతాదు దానంతట అదే తగ్గుతుంది. ఆహార భద్రత కోసం పెట్టే ఖర్చులో ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు.

2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో గుర్తుంది కదా. ఉన్నట్టుండి మూర్ఛలు, నోట నురగలు. 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. మరికొన్ని సంస్థల దృష్టి పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. నీళ్లా, కూరగాయలా, గాలా అని వారాలు తర్జనభర్జన పడ్డారు. అన్ని పరీక్షలు చేసినా తడబాటు తప్పకపోవడానికి ఒక కారణం స్పష్టం: మామూలు రోజున ఏలూరు మనిషి రక్తంలో సీసం ఎంత, ఏలూరు కంచంలో పురుగుమందు ఎంత అన్న లెక్క ఎవరి దగ్గరా సిద్ధంగా లేదు. జబ్బు వచ్చిన రోజు దొరికిన అంకెను పోల్చడానికి జబ్బు లేని రోజు అంకె కావాలి.

ఆ లెక్క తీసే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా 1961 నుంచి చేస్తోంది. జనం కొనే సరుకుల్నే బజారులో కొని, జనం వండినట్టే వండి, వండిన అన్నం, పప్పు, కూరల్లో పోషకాలెన్ని, విషాలెన్ని అని ఒకేసారి కొలవడం. పచ్చి వంకాయలో ఉన్న మందు ముఖ్యం కాదు, కడిగి, కోసి, వేయించాక కంచంలో మిగిలింది ముఖ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి అధ్యయనం చేసి చూపించారు కూడా. దాన్ని ఏటా జరిగే పనిగా ఎవరూ మార్చలేదు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ ఇందుకు కొత్త సంస్థ పెట్టనక్కర్లేదు. తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది. అఫ్లటాక్సిన్‌ను చవకగా పట్టే పరీక్ష తయారుచేసిన ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. అంగన్‌వాడీ రిజిస్టర్లలో పిల్లల ఎత్తు, బరువు ఇప్పటికే ఉన్నాయి. ప్రతి జిల్లా నుంచి ఏడాదికి ఒకసారి వండిన భోజనాల్ని సేకరించి పరీక్షించి, ఆ ఫలితాన్ని అదే జిల్లా పిల్లల రక్తహీనత లెక్క పక్కన ముద్రించి ప్రజల ముందు పెట్టాలి. ఆ పనికి వచ్చే బడ్జెట్లోనే నిధులు కేటాయించాలి. మొదటి విడత నమూనాలు నల్లగొండ, అనంతపురం, ఏలూరుల నుంచి తీయాలి.